బెంచీ అవ్వ

ఆ రోజు పొద్దున్నుంచీ ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవడం లేదు, తెరిపి ఇవ్వడం లేదు.

కాలేజీలో రికార్డింగు గదికి పెద్దాయన వచ్చాడు. వెనకాలే ఆయన వదిన.

పెద్దాయన ఓడల్లో చాకిరీ చేసి దిగిపోయిన మనిషి. వాళ్ల జనం మాట్లాడే భాష వచ్చినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే అని అందరూ అనేవారు. ఆ భాషను నిలబెట్టే పని కాలేజీలో భాషలు చెప్పే టీచరమ్మ నెత్తికెత్తుకుంది.

మైకు సర్దుతుంటే వదిన దగ్గింది.

"అవ్వా, ఇది నీ తల్లిభాషేనా?" అని అడిగింది టీచరమ్మ. ఎవరినైనా ఆ గదిలో ఉంచేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

"కాదమ్మా. నేను పెళ్లయి వచ్చినదాన్ని. మా పుట్టింట్లో మీరు మాట్లాడేదే."

"అయితే బయట కూర్చో. నీ దగ్గు రికార్డులో పడుతుంది."

"దగ్గుకి భాషేంటి తల్లీ? అది అందరికీ అర్థమవుతుంది."

టీచరమ్మ నవ్వలేదు. తలుపు తీసి పట్టుకుంది.

"వదిన పక్కనుంటే నాకు మాట సాగుతుందమ్మా" అన్నాడు పెద్దాయన.

"నాలుగు రోజులు పోతే అలవాటైపోతుంది బాబాయ్. నాకు మీ ఒక్కరి గొంతే కావాలి."

వదిన వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా గది వైపు చూడకుండా నేరుగా బెంచీ దగ్గరికే పోయేది. అటెండర్లు ఆమెకు బెంచీ అవ్వ అని పేరు పెట్టేశారు.

లోపల పెద్దాయన అడిగినదానికి అడిగినంతే చెప్పేవాడు. నీళ్లను ఏమంటారంటే ఒక మాట. చేతిని ఏమంటారంటే ఇంకో మాట. ఆపైన గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు.

సాయంత్రాలు టీచరమ్మ ఆ జనం బిడ్డలకు క్లాసు పెట్టింది. బిడ్డలంటే పసివాళ్లు కారు. ఉద్యోగాలు, సంసారాలు ఉన్నవాళ్లు. తాతల మాట ఇంట్లోనే పోగొట్టుకున్నవాళ్లు.

మొదట్లో గది నిండింది. పోనుపోను కుర్చీలు మిగిలాయి. పదాలు గడగడా అప్పజెప్పేవారే గాని, ఆ భాషలో పక్కవాణ్ణి జరగమని అడగడం ఒక్కరికీ చేతకాలేదు.

"ఏడాది చివరికి ఒక్కరైనా మాట్లాడకపోతే క్లాసు ఎత్తేద్దాం" అన్నాడు ప్రిన్సిపాలు.

భాషల శాఖలో నెలకోసారి అందరూ టీ తాగుతూ కూర్చుంటారు. ఎవరికి తెగని ప్రశ్న ఉంటే వాళ్లు తోటివాళ్లను అడగాలి. అది అక్కడి పద్ధతి.

ఆ నెల టీచరమ్మ అడిగింది.

"పోతున్న భాషను ఎదిగినవాళ్లకు నేర్పి మాట్లాడించినవాళ్లు ఎవరైనా తెలుసా మీకు? ఎక్కడైనా సరే."

"ముదిరాక నాలుక తిరగదమ్మా" అన్నాడు వ్యాకరణం మాస్టారు, టీలో బిస్కెట్టు ముంచుతూ. "మా ఆవిడ ముందు నాకు సొంత భాషే తిరగదు."

అందరూ నవ్వారు.

"నేనైతే చూడలేదు" అంది ఆయన పక్కనున్న మేడమ్. "అలాంటి మనిషి దొరికితే నాకూ చెప్పు. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటా."

టీచరమ్మ బయటికి వస్తుంటే బెంచీ అవ్వ లేచి నిలబడింది.

"అమ్మా, సాయంత్రం క్లాసులో నేనూ ఒకసారి కూర్చోనా?"

"నీకెందుకు అవ్వా?"

"ఊరికే. వాళ్లెలా పలుకుతున్నారో విందామని."

"నీకేం తెలుస్తుంది?"

"తెలియకపోతే ఓ కునుకు తీస్తా."

"అది ఆ భాషవాళ్ల కోసం పెట్టింది అవ్వా."

"సరేలే తల్లీ" అని మళ్లీ కూర్చుంది.

వానలు పట్టాయి. దగ్గు ముదిరి అవ్వ పోయింది.

పెద్దాయన రావడం మానేశాడు. టీచరమ్మ రెండుమూడుసార్లు కబురు పెట్టింది. జవాబు లేదు.

ఏడాది చివర క్లాసు ఎత్తేశారు. తాళం చెవి ఆఫీసులో ఇచ్చేసి, టీచరమ్మ పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. దారిలో ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. ఏమీ రాలేదు.

ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల మంచం. పెద్దాయన అప్పుడే వండుకున్నాడు.

"వేళకొచ్చావు. తిని పో" అన్నాడు. రెండు కంచాలు పెట్టాడు.

"మళ్లీ రండి బాబాయ్. చిన్నప్పుడు మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్న మాటలు, మీతోటే పోకూడదు."

"అమ్మ దగ్గరా?" అన్నాడు పెద్దాయన. "ఊహ తెలియకముందే మా మామ నన్ను తీసుకుపోయాడమ్మా. అటునుంచి అటే ఓడలు. తిరిగొచ్చేసరికి జుట్టు నెరిసింది. అమ్మ లేదు. మా మాట ఒక్క ముక్క నా నోట్లో లేదు."

"మరి ఇప్పుడెలా వచ్చింది?" అని అడిగింది టీచరమ్మ.

"అన్నం కావాలన్నా మా మాటలోనే అడగాలి. లేకపోతే పెట్టేది కాదు. కోపమొస్తే అందులోనే తిట్టమనేది. అలా అలా వచ్చేసింది."

"ఎవరు బాబాయ్?"

"ఇంకెవరు, వదిన. తను నేర్చుకుందీ పెళ్లయ్యాకే, మా అమ్మ దగ్గర" అని పెద్దాయన టీచరమ్మ కంచంలో ఇంకాస్త వడ్డించాడు.