రెండో సీను

“నీ సినిమా సూసినాను బాబూ,” అంది మా అత్త గురమ్మ, అరుగు మీద నిలబడ్డ నాతో.

విజయనగరంలో దాన్ని చూసిన పదకొండు మందిలో అత్త కూడా ఉందన్నమాట. వందేళ్ల కిందటి రెండు కొండ కుటుంబాల పగ, మధ్యలో ఒక ప్రేమ. జనం గుర్తించని గొప్ప సినిమా అని ఫేస్‌బుక్‌లో నేనే రాసుకున్నాను.

“ఎలాగుందత్తా?”

“రెండో సీన్లోనే ఆ ఈరో గుంటడు పిల్లోలింట్లో నీళ్లు తాగీసినాడేటి?”

“దాహమేసిందత్తా.”

“పగోలింట నీళ్లు ఇవ్వరు, తాగరు. తాగినాడంటే పగ అక్కడితో సరి. మరింక రెండు గంటలు ఏటికి నరుక్కున్నారు?”

మూడేళ్లు కూర్చుని రాసిన కథ.

నా భార్య అరుణశ్రీని పుట్టింట్లో దింపడానికి వచ్చినప్పుడల్లా, ఎనిమిదేళ్లుగా ఈ అరుగు మీదే నిలబడుతున్నాను. వీళ్లకిష్టంలేని పెళ్లి చేసుకున్నవాణ్ని కదా, మర్యాదలు ఆశించలేదు. మంచినీళ్లు మాత్రం ఇవ్వడం మరిచిపోతున్నారనుకునేవాణ్ని.

అత్త లోపలికి వెళ్లింది. విమర్శ ముగిసిందనుకుని చెప్పులు వేసుకున్నాను.

చెంబుతో తిరిగొచ్చింది.

“ఇందా, తాగు.”

నాకు దాహం లేదు. అయినా చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.