అదే కొలత

"మీసం పెట్టమ్మా. చెవుల పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు కూడా వెయ్యి," అంది దర్జీ భార్య, కింద నిచ్చెన పట్టుకుని.

నిచ్చెన మీద నిలబడి గోడకి బొమ్మ వేస్తున్న ఆర్టిస్టు చేతిలోని ఫొటో చూసుకుంది. ఇల్లు వదిలి వెళ్లిననాటికి దర్జీ కొడుక్కి పంతొమ్మిదేళ్లు. పద్నాలుగేళ్లుగా జాడలేదు.

"వాడికిప్పుడు ముప్పై మూడు. కాకి కూడా వాలని వీధి ఇది. నువ్వు గోడల నిండా బొమ్మలేశాక ఎక్కడెక్కడి జనమో చూడ్డానికొస్తున్నారు. అందులో ఒక్కరైనా వాణ్ణి గుర్తుపట్టరా?"

ఆర్టిస్టు గోడమీది ముఖానికి మీసం దిద్దింది, చెవుల పక్కన తెల్లవెంట్రుకలు వేసింది. తల్లి మురిసిపోయింది.

"అచ్చం వాళ్ల తాతే!"

"భుజాలు ఎంత వెడల్పు వెయ్యమంటారు?"

"మా ఆయన్నడుగు. ఏటా వాడి పుట్టినరోజుకి చొక్కా కుట్టి బీరువాలో పెడతాడు. ఏవయ్యా, ఈ ఏడు భుజం ఎంత పెట్టావు?"

గుమ్మంలో కుట్టుమిషను ఆగింది. దర్జీ తలెత్తలేదు.

"పదహారున్నర అంగుళాలు."

"అది వాడు వెళ్లేనాటి కొలత కదా?"

"అవును."

"మరి పోయినేడు?"

"అదే."

పద్నాలుగు చొక్కాలు. వాడే వచ్చి మడత విప్పాలని ఆమె ఒక్కటీ తెరిచి చూడలేదు.

"ఎప్పుడు వదులుకున్నావయ్యా ఆశ?"

"మొదటి చొక్కాకే."

"మరి ఎందుకు కుడుతూ వచ్చావు?"

"చొక్కా కుట్టావా అని ఏటా నువ్వు అడిగేదానివి కదా."

ఆమె తలెత్తి గోడమీది ముఖాన్ని చూసింది. నిచ్చెన మాత్రం వదల్లేదు.

"ఆ తెల్లవెంట్రుకలు తీసెయ్యమ్మా," అంది. "మీసం కూడా. వాడికి పంతొమ్మిదే."