సీలు తీయని ప్రాసెసర్లు

వాగు ఒడ్డున ఇసుకలో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. వరద వచ్చేదీ రానిదీ ముందే లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ఒకటి ఆ అడవిలో ఉండేది. దాని ప్రాసెసర్ కాలిపోయింది. కొత్తది తెమ్మని జంతువులు నక్కను, కొండముచ్చును బజారుకు పంపితే, అవి చెరొక రకం తెచ్చాయి.

"నాది మెరుపు వేగం. వచ్చే ఏడాది బజారంతా దీనిదే," అంది నక్క.

"ఆ వేగానికే కదా బావా, పాతది మాడిపోయింది! నాది ఎంత పని చేసినా చల్లగా ఉంటుంది. ఇకమీద అందరూ కొనేది దీన్నే," అంది కొండముచ్చు.

"ఏదో ఒకటి బిగించండయ్యా," అంది తీతువు. "కొండ మీద మబ్బు కమ్మింది. ఊరికే కదిపితే గుడ్లు పాడవుతాయి. వరద ఖాయమంటే ఏనుగును బతిమాలి గట్టు మీదికి చేర్పించుకుంటాను."

"పెట్టె సీలు తీస్తే మళ్లీ అమ్మేటప్పుడు ధర పడిపోతుందమ్మా. బజారులో ఏది నిలుస్తుందో ముందు తేలనీ," అన్నాయి రెండూ. ఆ ఒక్క మాట మీద వాటికి పేచీ లేదు.

సాయంత్రానికి వాగు పొంగింది. నక్క, కొండముచ్చు తమ పెట్టెలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కాయి. ఇసుక తిన్నె నీళ్లలో కలిసిపోయింది.

"అయ్యో! నాది బిగించి ఉంటే పొద్దున్నే చెప్పేది," అంది నక్క.

"నాదైతే నిన్ననే చెప్పేది," అంది కొండముచ్చు.

తీతువు వాటి ముందు వాలింది.

"నా గుడ్లు ఒక్కటీ మిగల్లేదు. మీ సీళ్లు మాత్రం చెక్కు చెదరలేదు. ఇంకా ఇక్కడెందుకు? పోయి మంచి ధరకు అమ్ముకోండి!"