వెయ్యికి ఒకటి తక్కువ

ఫిబ్రవరి నెలాఖరున కూడా చందాదారుల సంఖ్య వెయ్యి దాటింది. ఆల్డెన్ టోపీ తీసి బల్ల మీదకు విసిరికొట్టాడు.

ఇంకొకరైతే డోనట్లు తెప్పించి పంచేవారు. అమెరికా ఉత్తరాన డులూత్ ఊళ్లో నడిచే ఈ పాతికేళ్ల ఆన్‌లైన్ ఆటకు ఇప్పుడు యజమాని, ప్రోగ్రామరు, కాపలాదారు అన్నీ ఆయనే. భాగస్వామి వెండెల్ పోతూ పోతూ మాట తీసుకున్నాడు. చందాదారులు వెయ్యిమంది ఉన్నంతకాలం ఆట ఆపకూడదు. ఏ నెలాఖరు సాయంత్రమైనా వెయ్యికి ఒక్కరు తగ్గినా సరే, దుకాణం కట్టేయొచ్చు. అప్పటికే జనం పలచబడుతున్నారు. ఎంతకాలంలే అనుకుని ఆల్డెన్ సరేనన్నాడు.

ఆ మాట మెడకు చుట్టుకుంది. సర్వర్ ముసలిదైపోయింది. రోజుకొక్కసారైనా చెప్పాపెట్టకుండా మూర్ఛపోతుంది. దాన్ని లేపడం ఆయనకొక్కడికే తెలుసు. సాయానికి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు ఆ పాత కోడ్ చూసి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. చలికాలం అరిజోనా ఎండలో గడపాలని కొన్న, లోపలే వండుకుని పడుకునే క్యాంపర్ బండి ఇంటి ముందే తుప్పు పడుతోంది. ఏటా దాని మీద మంచు దులపడమే ఆయన చేసే ప్రయాణం. ఇది ఉద్యోగం కాదు జైలు అని ఆల్డెన్‌కు ఎన్నోసార్లు ఏడుపొచ్చింది.

ఆ సంఖ్య ఎందుకు పెరుగుతుందో ఎందుకు తగ్గుతుందో ఆయనకు కంఠతా వచ్చు. మంచు పడితే పెరుగుతుంది. సరస్సుల్లో చేపల వేట మొదలైతే తగ్గుతుంది. కొత్త డ్రాగన్‌ను వదిలితే పాతవాళ్లు పరిగెత్తుకొస్తారు, దాన్ని చంపేశాక మళ్లీ మాయమైపోతారు. అందుకే ఆయన డ్రాగన్లను వదలడం మానేశాడు. అయినా కొందరు కదలరు. చందా ఆపితే ఆటలో వాళ్లు కట్టుకున్న ఇల్లు కూలిపోతుంది, లోపలి సామాను దారినపోయేవాళ్లు ఎత్తుకుపోతారు. ఆ నిబంధన పెట్టిన మహానుభావుడు కూడా ఆల్డెనే.

ఇంతవరకూ అర్థమవుతుంది. అర్థం కానిది ఒకటుంది. సంఖ్య వెయ్యికి దిగువన ఆగి, ఇక విముక్తే అనుకునేసరికి ఎక్కడినుంచో కొత్తవాళ్లు దిగుతారు. ఇల్లు కట్టరు, కత్తి పట్టరు. ఊరి బావి పక్కన దిగినచోటే నిలబడిపోతారు. చందాలు వసూలు చేసిపెట్టే సంస్థ, డబ్బు కట్టేవాళ్ల పేర్లు బయటపెట్టదు.

ఆల్డెన్ అనుమానమంతా బర్డీ మీద. ఫార్గో ఊళ్లో బస్సు నడిపే ఆవిడ, ఆట మొదలైన నాటినుంచీ ఆడుతోంది. ఆటలోనే ఆమె ఇంటికి వెళ్లి నిలదీశాడు.

"బావి దగ్గర ఆ బొమ్మల్ని నిలబెట్టింది నువ్వేగా?"

"ఉన్న ఇంటికి చందా కట్టలేకే చస్తున్నాను. వాళ్లని నేనూ పలకరించా. ఉలకరు, పలకరు. బస్సు కోసం చూస్తున్నట్టుంటారు, ఏ బస్సూ ఎక్కరు."

"నన్నెవరో వదలట్లేదు బర్డీ."

"ఇళ్లు కూలే రూలు పెట్టి మమ్మల్ని కట్టేశావుగా. ఇప్పుడు నీ వంతు, కూర్చో."

ఆయన బాధ అర్థం చేసుకున్నది భార్య నోరీన్ ఒక్కతే. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి ఎంతమంది ఉన్నారని అడిగేది. తగ్గారంటే ఎంతకు తగ్గారో చెప్పేదాకా వదిలేది కాదు. తనతోపాటు ఆమె కూడా రోజులు లెక్కపెడుతోందని ఆల్డెన్ గుండె కరిగిపోయేది. ఇంత ఓపికగల భార్య ఇంకెవరికీ దొరకదని ఆయన నమ్మకం. నిరుడు పైపు పగిలి ఆఫీసంతా నీళ్లయి ఆట ఆగిపోయినప్పుడు ఆయన వారంపాటు ఇంట్లోనే ఉన్నాడు. వంటింటి సొరుగులన్నీ సర్దిపెట్టాడు. గిన్నెలు కడిగే మిషన్‌లో పళ్లాలు ఎలా పేర్చాలో ఆమెకు నేర్పాడు. బొంతలు కుట్టడానికొచ్చిన ఆమె స్నేహితురాళ్లకు కుట్లు ఎక్కడ వంకరపోతున్నాయో చూపించాడు. నోరీన్ పల్లెత్తు మాట అనలేదు.

మార్చిలో రాష్ట్రమంతా హాకీ పోటీల మీద పడింది. చందాలు జలజలా రాలాయి. నెల చివరి రోజు మధ్యాహ్నం తెర మీద సంఖ్య చూసి ఆల్డెన్ కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఎంతమంది?"

"వెయ్యికి ఒకటి తక్కువ. ఒక్కటంటే ఒక్కటి."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. పాపం, సంతోషం పట్టలేకపోయిందనుకున్నాడు.

"సాయంత్రం దాకా టైముందిగా. ఇప్పట్నుంచే ఎగిరిపడకు" అంది నోరీన్. "సీట్లోంచి కదలకుండా చూస్తూ కూర్చో."

ఆల్డెన్ కూర్చోలేకపోయాడు. సర్వర్ దాని మానాన అది పడి ఉంది. మూర్ఛపోతే పోనీ అనుకున్నాడు. ఏళ్ల తర్వాత మొదటిసారి పట్టపగలు ఆఫీసుకు తాళం వేశాడు. బేకరీలో ఆమెకిష్టమైన చెర్రీ కేకు కొన్నాడు. ఇంటి ముందు ఆగి క్యాంపర్ బండి అద్దం మీది మంచును మోచేత్తో తుడిచాడు. అరిజోనా దాకా ఎవరు ఎంతసేపు నడపాలో దారిలోనే నిర్ణయించేశాడు. ఆమెకు రోడ్డు పటం చూడటం రాదు, అదీ నేర్పాలి.

నోరీన్‌ను ఆశ్చర్యపరచాలని వెనక తలుపు మెల్లగా తీసి, బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి నడిచాడు.

వంటింటి బల్ల దగ్గర నోరీన్ కళ్లజోడు పెట్టుకుని, లాప్‌టాప్‌లో ఆల్డెన్ ఆట తెరిచి, వెయ్యోవాడికి పేరు పెడుతోంది.