ముప్పై అడుగుల లోతు చేపలు

"పడింది! వల, వల!"

లమార్ కేకకి పడవ ఊగింది. గాలపు కర్ర విల్లులా వంగిపోయింది.

వెనక సీటులోని ముసలాయన తొణక్కుండా వలని నీళ్లలోకి వాల్చాడు. బాస్ చేప తనంతట తానే వచ్చి అందులో కూర్చున్నట్టయింది.

మూడు పౌన్లకి పైమాటే. ఇది మూడోది. ఇంకా ఉదయం తొమ్మిదయినా కాలేదు!

ఆగస్టు ఎండకి సిప్సా సరస్సులో చేపలన్నీ ముప్పై అడుగుల లోతుకి దిగిపోయాయి. వాటి జాడ ఇవాళ తనకొక్కడికే దొరికిందని లమార్ ధీమా.

క్లబ్బు పోటీలకి ఇదే ఆఖరి రోజు. పడవకి ఐదు చేపలు. ప్రాణంతో తూకానికి తేవాలి. చచ్చినదానికి పావు పౌను కోత. గెలిచిన పడవ అలబామా రాష్ట్ర పోటీలకి వెళుతుంది.

లమార్ వరసగా రెండేళ్లు రెండో స్థానంలోనే ఆగిపోయాడు. "ఏం రెండో రాజా, క్రాఫు రెండు వైపులా తగ్గించనా?" అని మంగలి కూడా ఆట పట్టించడం మొదలెట్టాడు.

పడవలో జోడీ ఎవరో టోపీలో చీటీలు తీసి తేలుస్తారు. లమార్‌కి వచ్చిన చీటీలో ఎమ్మెట్ సోరెల్ అని ఉంది. క్లబ్బులో ఎవరూ ఎరగని పేరు. వెలిసిపోయిన చొక్కా. కుడిచేతి చిటికెన వేలు సగమే.

"ఆ వేలేమయింది పెద్దాయనా, చేప కొరికిందా?" అని పొద్దున ఒడ్డునే నవ్వాడు లమార్.

"తాబేలు. దానికి ఆకలేసింది, నాకు కునుకు పట్టింది" అన్నాడు ఎమ్మెట్.

ఇప్పుడు లమార్ ముందువైపు నిలబడి మళ్లీ గాలం విసిరాడు. వెనకాల నీళ్ల చప్పుడు వినిపించి తిరిగి చూశాడు.

ముసలాయన చేపల తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చేతిలో ఇందాకటి చేప. ఇంకో చేతిలో సూది!

లమార్ గాలం కర్ర కింద పడేశాడు. పోయిన నెలలోనే పక్క సరస్సులో ఎవరో బరువు పెరగాలని చేపల పొట్టలో సీసం గుళ్లు కూరి పట్టుబడ్డారు. పడవలో ఉన్న ఇద్దరినీ జన్మలో పోటీకి రానివ్వమన్నారు.

"ఏం ఎక్కిస్తున్నావ్ దానికి?"

"ఎక్కించడం కాదు బాబూ, గాలి తీశా. లోతులోంచి ఒక్కసారిగా పైకి లాగితే లోపలి గాలికి కడుపు ఉబ్బి చస్తుంది. మొదటి రెండిటికీ తీసేశా, చూడు, ఎలా తిరుగుతున్నాయో."

"గాలి తీయడానికి అదేమైనా లారీ టైరా?"

"క్లబ్బువాళ్లు తొట్టి మూత మీద అంటించిన కాగితం చదవలేదూ?"

"ఎవడు చదువుతాడు! దాని మీద కొలబద్ద బిగించేశా."

లమార్ ఒక్క అంగలో వచ్చి సూది లాక్కుని నీళ్లలోకి విసిరేశాడు.

"నా చేపల మీద చెయ్యి వేశావంటే సూది వెనకే నిన్నూ పంపిస్తా!"

ఎమ్మెట్ వల అందుకుని తన సీటులో కూర్చున్నాడు.

పదకొండింటికి నాలుగోది పడింది. నాలుగున్నర పౌన్లు!

ఒంటిగంటకి అయిదోది. అది పడవ కింద నుంచి అటు దూరి ఇటు తేలి, దారాన్ని మోటారుకి చుట్టబోయింది. లమార్ మోకాళ్ల మీద పడి కర్రని నీళ్లలో ముంచి తిప్పాడు. ఎమ్మెట్ వల సరిగ్గా అక్కడే ఉంది.

"అయిదు పౌన్లు! రాసుకో తాతా, అయిదు!" లమార్ పడవలోనే గంతేశాడు.

"ఈ రెండూ పక్కకి వాలుతున్నాయి బాబూ. ఇంకో సూది..."

"మూత వెయ్యి!"

మూడింటికి ఒడ్డున తూకం. క్లబ్బు పెద్ద వెర్నా కాటా దగ్గర నిలబడింది. హోబర్ట్ పడవది సరిగ్గా పద్దెనిమిది పౌన్లని అప్పటికే పలక మీద అన్నిటికన్నా పైన రాసి ఉంది.

"ముందు లోహం ఉంటే కూసే కడ్డీతో చూడండి వెర్నమ్మా" అన్నాడు లమార్, అందరికీ వినపడేలా. "ఈయన చేపలకి సూదులు గుచ్చాడు. నాకేం సంబంధం లేదు."

గుంపు గుసగుసలాడింది.

వెర్నా కడ్డీని అయిదు చేపల మీదుగా నడిపింది. కూత రాలేదు.

ఎమ్మెట్ టోపీ సర్దుకుని తన పాత ట్రక్కు వైపు నడిచాడు.

"పద్దెనిమిదింపావు!" అంది వెర్నా.

లమార్ రెండు చేతులూ పైకెత్తాడు.

"ఆగరా అబ్బాయ్. పెద్దవి రెండూ చచ్చాయి. అర పౌను కోత. పదిహేడు ముప్పావు."

"రెండో రాజా!" అని ఎవరో అరిచారు.

చేతులు కిందికి దిగాయి.

వెర్నా మిగిలిన మూడు చేపల్నీ నీళ్లలోకి వదిలింది. మూడూ తోక ఝాడించి లోతుకి దూసుకుపోయాయి.

"ఈ మూడిటికీ గాలి తీసిందెవర్రా? ఒక్క పొలుసు చెదరలేదు. ఈ పని ఇంత శుభ్రంగా చేసేవాళ్లు మన క్లబ్బులో లేరే."

లమార్ ట్రక్కులున్న వైపు పరుగెత్తాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు.

మెల్లగా వచ్చి పడవ ఎక్కాడు. తొట్టి మూత మీది కొలబద్దని ఊడబెరికాడు.

కింద రాష్ట్ర మత్స్యశాఖ కాగితం. 'చేప ప్రాణం కాపాడండి' అన్న పెద్ద అక్షరాల కింద ఒక ఫొటో.

అందులో చేప రెక్క వెనక సూది పట్టుకున్న చేతికి చిటికెన వేలు సగమే ఉంది.