మగ్గాల హోరులో మేస్త్రీ

“చెవులు వినపడని ఆవిడను మేస్త్రీని ఎలా చేస్తామోయ్?” అన్నాడు మిల్లు మేనేజరు, మెట్లు దిగుతూ.

సిబ్బంది వ్యవహారాలు చూసేది అతని బావమరిదే. “పనిలో ఆవిడ తర్వాతే ఎవరైనా బావా. పోయినసారీ ఆవిడనే పక్కన పెట్టాం.”

“పనిని కాదన్నానా? ట్రైనింగులో అన్ని రకాల మనుషులకూ చోటివ్వాలని నీకు నూరిపోసి పంపారు. మంచిదే, అందరూ దేవుడి బిడ్డలే. కానీ మేస్త్రీ అన్నాక పదిమంది కేకేస్తారు. వినపడొద్దూ? ఇంకెవరి పేరైనా రాసెయ్.”

“ఎవరి పేరు?” అంటూ బావమరిది మగ్గాల హాలు తలుపు తోశాడు.

మేనేజరు చెప్పిన పేరు హోరులో కలిసిపోయింది. బావమరిది చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. మేనేజరు మెడనరాలు ఉబ్బేలా అరిచాడు. లాభం లేకపోయింది.

ఇంతలో చివరి మగ్గం మీద పోగు తెగడం మేనేజరు కంటపడింది. రోజూ చేసినట్టే చెయ్యెత్తి, రెండు వేళ్ళు కలిపి విడదీసి, అటు చూపించాడు. అవతలి కొసన ఉన్న, చెవులు వినపడని ఆవిడే గబగబా వెళ్ళి ముడివేసి, ‘అయింది’ అన్నట్టు బొటనవేలు ఎత్తింది. ఆ పక్కనే ఇద్దరు పనివాళ్ళు చేతులతోనే ఏదో జోకు చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు.

మేనేజరు ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

బయటికొచ్చి తలుపు మూశాక బావమరిది పెన్ను తీశాడు. “లోపల ఒక్క ముక్క వినపడలేదు బావా. ఇంతకీ ఎవరి పేరు?”

మేనేజరు మళ్ళీ చెయ్యెత్తాడు. తలుపు అద్దంలోంచి ఆవిడ వైపు వేలు చూపించాడు.