వంతెన మీద ఆపిన కారు

వంతెన మధ్యలో కారు ఆగిపోయింది.

నిజానికి ఆగలేదు. డ్రైవరే ఆపాడు.

"ఏమైందయ్యా?" వెనక సీట్లోంచి పెద్దాయన ముందుకు వంగాడు.

"ఇంజన్ మొరాయిస్తోంది సార్."

దిగి, బానెట్ ఎత్తి, దాని చాటున నిలబడ్డాడు డ్రైవరు.

విద్యామండలి సమావేశానికి తాను తీసుకెళ్ళాల్సిన సభ్యుడెవరో పొద్దున ఆయన గడప దాటి వచ్చేదాకా తెలియదు. చూడగానే ఒళ్ళు మండిపోయింది.

చెల్లెలు చదివిన హైస్కూలు హెడ్మాస్టరు!

అప్పట్లో ఒకరోజు క్లాసులో, బయటికి వెళ్తానని ఇంటి భాషలో అడిగింది చెల్లెలు. బడి భాషలో అడిగితేనే పంపుతానన్నాడు ఈయన. ఆ ముక్కలు దానికి రాలేదు. అందరిముందూ గౌను తడిసిపోయింది. మర్నాటినుంచి మళ్ళీ బడి మొహం చూడలేదు. ఇప్పుడు లాండ్రీలో ఊళ్ళోవాళ్ళ బట్టలు మడతపెడుతోంది.

"త్వరగా కానివ్వు నాయనా, సమావేశానికి వేళవుతోంది."

"సార్‌గారికి అంత తొందరేమిటో?"

"బడుల్లో ఇంటి భాష సంగతి ఇవాళే తేలిపోవాలి నాయనా. నేను లేకపోతే ఎలా?"

'ఆ భాష పీక నొక్కడానికి బయల్దేరావన్నమాట!' పళ్ళు కొరుక్కున్నాడు డ్రైవరు.

"మెకానిక్ వస్తేగానీ కదలదు సార్."

"ఇంకో బండేదైనా ఆపవయ్యా, నీకు పుణ్యముంటుంది."

"వంతెన మీద ఎవరూ ఆపరు సార్."

పెద్దాయన కారు దిగాడు. మోకాలు పట్టుకుని, మండుటెండలో కుంటుకుంటూ నడక మొదలెట్టాడు.

డ్రైవరు కడుపు చల్లబడింది. చెల్లెలికి ఫోన్ చేశాడు.

"మీ హెడ్మాస్టర్ని ఎండలో నడిపిస్తున్నానే!"

"పెద్దవాడు కదన్నయ్యా, పడిపోతాడేమో..."

"పడనీ."

ఆయన కనుమరుగయ్యాక తాపీగా టీ తాగి, చుట్టుదారిన ఆఫీసు చేరాడు. బంట్రోతు సమావేశం గదికి తాళం వేస్తున్నాడు.

"అప్పుడే అయిపోయిందా?"

"అవక? ఇంటి భాషలో చదువు చెప్పాలన్న తీర్మానం అటకెక్కింది."

"ఓడించారా?" గబుక్కున అడిగాడు డ్రైవరు.

"ఓటింగుదాకా వస్తేగా! తీర్మానం పెట్టాల్సిన మనిషే వేళకి రాలేదు. పాపం, కాళ్ళరిగేలా ఇల్లిల్లూ తిరిగి ఒక్కో సభ్యుణ్ణీ ఒప్పించుకున్నాడు."

"ఎవరాయన?"

"ఇంకెవరు, నీ కారులో రావాల్సిన హెడ్మాస్టరుగారే."